వెయ్యి గ్రాములు: .22 పిస్టల్, గ్యారేజీ, ఆకురాయి



పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న ఒక ప్రశ్న అడిగారు. వాళ్ళ అమ్మాయి 25 మీటర్ల పిస్టల్ పోటీలకు తయారవుతోంది. క్లబ్బులో ఇచ్చిన .22 పిస్టల్ ట్రిగ్గర్ నొక్కుతుంటే మధ్యలో ఇసుక నలిగినట్టు తగులుతోందట. "కోయంబత్తూరులో మనవాళ్ళకు ఇన్ని లేత్‌లున్నాయి. షాఫ్టు మీద వేలు పెట్టి తేడా చెప్పే మేస్త్రీలున్నారు. అమెరికాలో ఎవరింట్లో వాళ్ళు చేసుకునే పని మనం చేసుకుంటే తప్పేముంది?" అన్నారాయన. కింద వ్యాఖ్యలు బోలెడు వచ్చాయి. సగం మంది చట్టం అన్నారు, సగం మంది చేసెయ్యండి అన్నారు.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, దాని మీద వాదన అనవసరం. మన 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీ, అమ్మకాలకే కాదు, మార్పుకీ మరమ్మత్తుకీ పరీక్షకీ కూడా లైసెన్సు కావాలి. సొంత తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన దాన్ని విప్పి బాగుచేసే లైసెన్సు ఉన్నట్టు కాదు. ఇక క్లబ్బు పిస్టల్ అయితే అది మనదే కాదు. కాబట్టి లేత్ షెడ్డు మాట వదిలేయండి.

కానీ ఆ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది చట్టం కాదు, "అమెరికాలో ఎవరింట్లో వాళ్ళు" అన్న మాట. అక్కడ ఆ పని ఇంట్లోకి ఎలా వచ్చింది? మంచి చేతులున్నవాళ్ళు అసలు ఏం చేశారు? ఆ చరిత్ర కొంత చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్ళు సాధించిన నునుపు వేరు, మనం నునుపు అనుకుంటున్నది వేరు. మనం తేలికను నునుపు అనుకుంటున్నాం. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు ఆదివారానికి దాచుకోండి.

ముందు తూటా సంగతి. 1845లో పారిస్‌లో లూయీ నికొలా ఫ్లోబెర్ అనే తుపాకుల మనిషి, మందు టోపీ మూతికి చిన్న గుండు బిగించి ఒక బుల్లి తూటా చేశాడు. అందులో వేరే మందు లేదు. టోపీ పేలే ఊపుకే గుండు ఎగిరేది. డబ్బున్నవాళ్ళు ఇంటి హాల్లో, తోటలో గురి చూసి కాల్చుకునే వినోదం అది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ ఆలోచనకే మందు చేర్చి .22 షార్ట్ తూటా, దానికి సరిపడే చిన్న రివాల్వర్ తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తూటా చేసింది. పేరులో రైఫిల్ ఉన్నా, ఈ రోజు మన అమ్మాయి పిస్టల్‌లో పెట్టేది అదే. నూట ముప్పై ఏళ్ళు దాటినా కొలత మారలేదు.

దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య ఒక టోపీ ఉంటుంది, పిన్ను అక్కడ కొడుతుంది. దీనికి ఆ టోపీ లేదు. పేలే మందును అడుగు అంచు మడతలోనే పూస్తారు. పిన్ను ఆ అంచును నలిపితే పేలుతుంది. రేకు పల్చగా ఉండాలి కాబట్టి ఎక్కువ ఒత్తిడికి తట్టుకోదు. అందుకే ఇది ఎప్పటికీ చిన్న తూటాగానే ఉండిపోయింది. చవక, చప్పుడు తక్కువ, చేతికి తన్నుడు దాదాపు ఉండదు.

ఆ తన్నుడు లేకపోవడంలోనే మన కథ ఉంది. పెద్ద పిస్టల్‌లో గురి తప్పితే తన్నుడు మీద నెట్టేయవచ్చు. .22లో ఆ సాకు లేదు. చెయ్యి వణికితే కాగితం మీద కనపడుతుంది, ట్రిగ్గర్ గీరుకుంటే అది కూడా కాగితం మీద కనపడుతుంది.

ట్రిగ్గర్ లోపల జరిగేది మన ఇంటి గడియ కంటే పెద్ద విషయమేమీ కాదు. స్ప్రింగు ఊపుతో ముందుకు దూకడానికి సిద్ధంగా ఒక సుత్తి ఉంటుంది, దాన్ని హ్యామర్ అంటారు. దానికి ఒక చిన్న గాడి. ఆ గాడిలో ఒక కొక్కెం ఆనుకుని ఉంటుంది, దాన్ని సియర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం గాడిలోంచి జారుతుంది, సుత్తి పడుతుంది. అంతే. అయితే తలుపు వెనక నుంచి ఎవరో తోస్తుంటే గడియ తియ్యడం ఎంత కష్టమో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ స్ప్రింగు ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది. రెండు ఉక్కు అంచులు ఆ తోపుడు కింద ఒకదాని మీద ఒకటి జారాలి. ఫ్యాక్టరీ కట్టర్ వదిలిన సన్నని గీతలు ఆ అంచుల మీద ఉంటే, జారేటప్పుడు గీత గీతకూ తగిలి ఆగుతుంది. ఆ అమ్మాయి వేలికి ఇసుకలా తగులుతున్నది బహుశా అదే.

పాత రోజుల్లో ఫ్యాక్టరీలే ఈ పని చేసి పంపేవి. 1915లో కోల్ట్ కంపెనీ జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో .22 టార్గెట్ ఆటోమాటిక్ పిస్టల్ తెచ్చింది. 1927 నుంచి దానికి వుడ్స్‌మన్ అని పేరు. దాని శరీరం గట్టి ఉక్కు దిమ్మలోంచి చెక్కి తీసేవారు. బల్ల ముందు కూర్చున్న ఫిట్టర్లు ఆకురాయితో, సానరాయితో ఒక్కో ముక్కనీ దాని జతకు కుదిర్చేవారు. మన పాత పంపు కంపెనీల్లో ఫిట్టర్ బెంచీ చూసినవాళ్ళకు ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు. పని బాగుండేది, వెల కూడా అంతే ఉండేది.

ఆ లెక్కను మార్చినవాడు విలియం రూగర్. 1916లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. యుద్ధకాలంలో ఆటో ఆర్డినెన్స్ కంపెనీలో తుపాకుల రూపకల్పన మీద పనిచేశాడు. 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక మెరీన్ సైనికుడి దగ్గర జపానువాళ్ళ నంబు పిస్టల్ ఒకటి కొన్నాడు. దాని పిడి వాలు, వెనక నుంచి లాగే బోల్టు అతనికి నచ్చాయి. ఇంటి గ్యారేజీలో దానికి రెండు నకళ్ళు చేశాడు. వాటిని అమ్మలేదు. ఆ రెండూ చేస్తూ నేర్చుకున్నదే అతని పెట్టుబడి.

అసలు పెట్టుబడి వేరే మనిషి పెట్టాడు. రూగర్ అప్పటికి వడ్రంగి పనిముట్లు చేసే చిన్న కంపెనీ నడిపి చేతులు కాల్చుకున్నాడు. అలెగ్జాండర్ స్టర్మ్ అనే యువకుడు, చదువుకున్నవాడు, బొమ్మలు వేసేవాడు, 50,000 డాలర్లు పెట్టాడు. 1949లో కనెటికట్ రాష్ట్రం సౌత్‌పోర్ట్‌లో, ఎర్ర రంగు వేసిన ఒక షెడ్డులో స్టర్మ్ రూగర్ కంపెనీ మొదలైంది. మన ఊళ్ళో ఎన్ని కంపెనీలు షెడ్డుల్లో పుట్టాయో మీకు నేను చెప్పాలా! అదే ఏడాది వాళ్ళ .22 పిస్టల్ ప్రకటన పత్రికలో వచ్చింది. వెల 37 డాలర్ల 50 సెంట్లు. కోల్ట్ దానికంటే చాలా ఎక్కువ.

అంత చవక ఎలా వచ్చింది? ఉక్కు దిమ్మను చెక్కడం మానేశాడు. పిడి చట్రాన్ని రెండు సగాలుగా రేకు మీద అచ్చు కొట్టి, రెంటినీ కలిపి వెల్డింగ్ చేశాడు. బద్ద స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు పెట్టాడు, అవి తీగ చుట్టే యంత్రం మీద గుట్టలుగా వస్తాయి. ఫిట్టర్ బెంచీ మీద గడిచే గంటలను దాదాపు తీసేశాడు. పిస్టల్ గట్టిది, గురి కూడా బాగుండేది. తయారీ తెలిసిన మన సభ్యులు దీన్ని మెచ్చుకోకుండా ఉండలేరు, నేనూ మెచ్చుకుంటాను. స్టర్మ్ మాత్రం దాని ఫలితం ఎక్కువ కాలం చూడలేదు. 1951లో చిన్న వయసులోనే పోయాడు. అతను గీసిన ఎర్ర గద్ద చిహ్నాన్ని రూగర్ సంతాపంగా నలుపు చేశాడు. ఆ ఏడాదే టార్గెట్ పోటీల కోసం మార్క్ 1 వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. బెంచీ మీద పోయిన గంటలు గాలిలో కలిసిపోలేదు, కొన్నవాడి ఇంటికి వెళ్ళాయి. ఫ్యాక్టరీ మానేసిన ఆకురాయి పనిని కొన్నవాడు రాత్రి భోజనం అయ్యాక గ్యారేజీలో చెయ్యడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఇంటి తుపాకీ పని అంతకు ముందు లేదని కాదు, చాలా పాతది. కానీ టార్గెట్ పిస్టల్ ట్రిగ్గర్ నునుపు చేసుకోవడం మామూలు ఉద్యోగస్థుడి వ్యసనంగా మారింది ఈ చవక పిస్టల్ తర్వాతే అని నాకనిపిస్తుంది.

ఆ వ్యసనానికి నేల ముందే సిద్ధమై ఉంది. 1939లో బాబ్ బ్రౌనెల్ అయోవాలోని మాంటెజూమా అనే చిన్న ఊళ్ళో తుపాకీ పనివాళ్ళకు పనిముట్లు అమ్మే కొట్టు పెట్టాడు. టపాలో సానరాళ్ళు, ఆకురాళ్ళు, స్ప్రింగులు పంపేవారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ప్రభుత్వం చదువు ఖర్చు ఇచ్చింది. కొలరాడోలో ట్రినిడాడ్ జూనియర్ కాలేజీ 1947లో తుపాకీ పనిలో కోర్సు పెట్టింది. అంటే మన ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు ఎలాగో అక్కడ అది అలాగ. చట్టం కూడా వీలిచ్చింది. సొంత తుపాకీ మీద సొంతంగా పని చేసుకోవచ్చు. పక్కవాళ్ళ తుపాకులు బాగుచేయడం వ్యాపారంగా పెట్టుకుంటే మాత్రం లైసెన్సు కావాలి. 1968 తర్వాత ఆ గీత ఇంకా గట్టిపడింది. వీడియోల్లో కనపడే మనిషి ఆ గీతకు ఇవతల, తన సొంత బల్ల మీద ఉన్నాడు. మనవాళ్ళు ఇది గమనించాలి.

పోటీ కూడా ఆ వ్యసనాన్ని పెంచింది. ఒహాయోలో ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అని ఒక చోటు ఉంది. 1907 నుంచి అక్కడ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. పిస్టల్ పోటీలో ఒక్కొక్కరూ మూడు తుపాకులతో, ఒక్కోదానితో 90 గుండ్ల చొప్పున 270 గుండ్లు కాలుస్తారు. ఒక చెయ్యి మాత్రమే పట్టాలి. పూర్తి మార్కులు 2,700. అందులో మొదటి 900 మార్కులు .22వి. అక్కడి నిబంధన ప్రకారం .22 ట్రిగ్గర్ రెండు పౌండ్ల బరువును మోయాలి, అంతకంటే తేలిగ్గా జారకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్ళలో లూసియానా మనిషి జిమ్ క్లార్క్ ఒకడు. సైన్యంలో జీతం తీసుకుంటూ రోజంతా సాధన చేసేవాళ్ళ మధ్య, సొంత చేతులతో పిస్టళ్ళు బాగుచేసుకుని బతికే మామూలు పౌరుడు 1958లో జాతీయ పిస్టల్ ఛాంపియన్ అయ్యాడు. అతని దుకాణానికి దేశం నలుమూలల నుంచి పిస్టళ్ళు వచ్చేవి, రూగర్లు కూడా. కాల్చే వేలు, సానపట్టే వేలు ఒకే మనిషివి కావడం అతని బలం. ట్రిగ్గర్ ఎలా జారాలో అతనికి వేరొకరు వర్ణించి చెప్పాల్సిన పని లేదు.

మరి ఇలాంటి చేతులు లోపల చేసిందేమిటి? ఎలా చెయ్యాలో చెప్పే ఉద్దేశం నాకు లేదు, ఏం సాధించాలనుకున్నారో చెబుతాను. ట్రిగ్గర్ ప్రయాణంలో నాలుగు దశలున్నాయి. మొదట బరువు లేని వదులు. తర్వాత కొక్కెం గాడిలో పాకుతున్న భాగం. తర్వాత ఠక్కున తెగే క్షణం. ఆ తర్వాత వేలు అనవసరంగా వెనక్కి పోయే జారుడు. వీళ్ళ గురి అంతా రెండో దశ మీద. పాకుడు వేలికి తెలియకూడదు, తెగే క్షణం ప్రతిసారీ ఒకే చోట రావాలి. బరువును వాళ్ళు రెండు పౌండ్ల దగ్గరే ఉంచారు. బరువు తగ్గించడం ఎవడైనా చేస్తాడు, ఒక స్ప్రింగు చుట్ట కత్తిరిస్తే చాలు. అదే బరువును నూనెలో జారినట్టు, గాజు పుల్ల విరిగినట్టు తెప్పించడం పని.

చెడగొట్టుకున్నవాళ్ళ కథలు కూడా ఆ లోకంలో తక్కువ కాదు. కొక్కెం అంచుకు పైపైన మాత్రమే గట్టిదనం ఉండే ఉక్కు వాడతారు కొన్నింటిలో. పై పొర చాలా పల్చన. అద్దంలా మెరవాలని రుద్దుతూ పోతే ఆ పొర పోతుంది, లోపలి మెత్తని ఉక్కు బయటపడుతుంది. అవాళ నునుపుగానే ఉంటుంది. కొన్ని వందల గుండ్ల తర్వాత అంచు గుండ్రబడుతుంది. అప్పుడు ఒకసారి నొక్కితే రెండు గుండ్లు పోవచ్చు, లేదా కింద పెట్టినప్పుడు తానే పేలవచ్చు. కోణం వెంట్రుకవాసి మారినా అంతే. గేరు పళ్ళకు గట్టిదనం పెట్టించే మన సభ్యులకు ఇది వెంటనే తెలుస్తుంది. గట్టిదనం పోయిన పన్ను మొదటి రోజు ఎంత నిశ్శబ్దంగా తిరుగుతుందో వాళ్ళకు తెలుసు.

అందుకే కాలక్రమంలో ఆకురాయి కూడా వెనక్కి తగ్గింది. అయోవాలోనే క్యారల్ అనే ఊళ్ళో వోల్‌క్వార్ట్‌సెన్ అనే కుటుంబం రూగర్ పిస్టళ్ళకు హ్యామర్, సియర్, ట్రిగ్గర్లను తామే కొలతకు కోసి అమ్మడం మొదలుపెట్టింది. పాతవి తీసి ఇవి పెట్టుకోవడమే. ఇంటి పనివాడు సానపట్టేవాడి నుంచి బిగించేవాడిగా మారాడు. అది కూడా అంత తేలిక కాదనుకోండి. పాత మార్క్ పిస్టళ్ళను విప్పడం ఒక ఎత్తు, తిరిగి బిగించడం ఇంకో ఎత్తు. లోపలి చిన్న కడ్డీ ఒకటి సరైన వాలులో పడకపోతే పిస్టల్ మూసుకోదు. దాని మీద జోకులు అక్కడ తరాలుగా నడిచాయి. 1982లో మార్క్ 2, 2004లో మార్క్ 3 వచ్చినా ఆ తలనొప్పి తీరలేదు. 2016లో వచ్చిన మార్క్ 4లో ఒక్క బొత్తాం నొక్కితే విడిపోయేలా చేశారు.

ఆ మార్క్ 4 గురించి ఒక మాట. 2017 జూన్‌లో కంపెనీయే ఆ పిస్టళ్ళను వెనక్కి పిలిచింది. సేఫ్టీ మీట సగంలో ఆగినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే అప్పుడు పేలదు, తర్వాత మీటను కాల్చే వైపు జరిపినప్పుడు పేలే అవకాశం ఉందని తేలింది. అరవై ఎనిమిదేళ్ళ అనుభవం, ఇంజనీర్లు, పరీక్షా యంత్రాలు ఉన్న కంపెనీకి ఈ నాలుగైదు చిన్న ముక్కల మధ్య సంబంధం ఒక చోట పట్టు తప్పింది. దాచకుండా పిలిపించి బాగుచేసి ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో చూసి అదే ముక్కల మీద రాయి పెట్టేముందు ఇది ఒకసారి తలచుకోవాలి.

ఇప్పటిదాకా అమెరికా. ఇదే సమయంలో, అంటే రూగర్ షెడ్డు అద్దెకు చూసుకుంటున్న రోజుల్లో, సోవియట్ దేశంలో ఇంకొక .22 టార్గెట్ పిస్టల్ తయారైంది. దాని కథ నాకు రూగర్ కథ కంటే ఇష్టం.

మిఖాయిల్ మార్గోలిన్ 1906లో పుట్టాడు. పద్దెనిమిదో ఏట, 1924లో, పోరులో తలకు గాయమై రెండు కళ్ళూ పోయాయి. తుపాకుల మీద ఇష్టం మాత్రం పోలేదు. కాగితం మీద గీసిన బొమ్మ అతనికి పనికిరాదు. కాబట్టి బంకమట్టితో, మైనంతో, చెక్కతో ముక్కలు చేసి వేళ్ళతో తడిమి చూసుకునేవాడు. ఒక భాగం ఇంకో భాగం మీద ఎలా జారుతుందో, ఎక్కడ తగులుతుందో వేళ్ళతోనే తెలుసుకునేవాడు. అలా తయారైన .22 పిస్టల్ 1940ల చివర్లో బయటికి వచ్చింది, ఇజెవ్స్క్‌లో దశాబ్దాల పాటు తయారైంది. సోవియట్ క్లబ్బుల్లోనే కాదు, చాలా దేశాల్లో షూటింగ్ నేర్చుకున్న పిల్లలు దాంతోనే మొదలుపెట్టారు. అతని రూపకల్పనలోనే ఇంకో పిస్టల్ ఉంది. అందులో అంతా తలకిందులు, గొట్టం కిందికి వచ్చి చెయ్యి వరసలో ఉంటుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సోవియట్ షూటర్లు దాన్ని దించేసరికి మిగతావాళ్ళు కంగారుపడ్డారు. తర్వాత నిబంధనలు అలాంటి రూపానికి చోటివ్వలేదు. సినిమా పిచ్చి ఉన్న మన పిల్లలకు ఒక ముక్క: స్టార్ వార్స్ మొదటి సినిమాలో రాకుమారి లేయా పట్టుకునే తుపాకీకి లోపలి ఎముక ఈ మార్గోలిన్ పిస్టలే.

మార్గోలిన్‌ను నేను ఎందుకు తీసుకొచ్చానంటే, ట్రిగ్గర్ అనేది కంటితో చూసే వస్తువు కాదని అతని కంటే బాగా చూపినవాళ్ళు లేరు. ఇంటి పనివాళ్ళలో చాలామంది అద్దంలా మెరిపించి ఫొటో తీసి పెడతారు. మెరుపు కంటికి. పిస్టల్‌కు కావలసింది గీత లేని అంచు, మారని కోణం. మెరిసే అంచు కూడా గుండ్రబడి ఉండవచ్చు, మసక అంచు కూడా చక్కగా జారవచ్చు. కళ్ళు లేని మనిషికి ఈ మోసం లేదు.

ఇక మన అమ్మాయి ఉన్న చోటికి వస్తాను. 25 మీటర్ల మహిళల పిస్టల్ పోటీలో 60 గుండ్లు. మొదటి 30 తీరిగ్గా, ఐదు నిమిషాలకు ఐదు చొప్పున. తర్వాతి 30 వేగంగా. చెయ్యి 45 డిగ్రీల కిందికి దించి నిలబడాలి. గురి మూడు సెకన్లు కనపడుతుంది, ఆ లోపల చెయ్యి లేపి ఒకే గుండు కాల్చాలి. ఏడు సెకన్ల విరామం, మళ్ళీ మూడు సెకన్లు. మూడు సెకన్లలో ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. అది వేలికి ముందే తెలిసి ఉండాలి. ఇసుక తగులుతోందని ఆ పిల్ల చేసిన ఫిర్యాదు గారాబం కాదు.

అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఈ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములు. అమెరికా రెండు పౌండ్ల కంటే కాస్త ఎక్కువే. పోటీకి ముందు తనిఖీలో పిస్టల్‌ను నిటారుగా పట్టి, ట్రిగ్గర్‌కు వెయ్యి గ్రాముల తూకపురాయి తగిలించి లేపుతారు. తూకపురాయి లేవాలి, సుత్తి పడకూడదు. పోటీ అయిన వెంటనే చీటీ తీసి కొందరి పిస్టళ్ళు మళ్ళీ తూచుతారు. అప్పుడు తప్పితే ఆ రోజు కాల్చిన అరవై గుండ్లూ లెక్కలోంచి పోతాయి. ఇంట్లో సానపట్టిన కొక్కెం అరుగుతూ అరుగుతూ 1,000 నుంచి 980కి వచ్చినా శిక్ష అంతే. ప్రపంచంలో ప్రతి పిల్లకూ అదే వెయ్యి గ్రాములు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుగా స్వర్ణం, ఒంటరిగా రజతం తెచ్చింది కూడా ఆ వెయ్యి గ్రాములు నొక్కే.

ఆ స్థాయిలో ఇప్పుడు వాడే పిస్టళ్ళు చాలావరకు యూరప్‌వి. ఇటలీలో తాను స్వయంగా షూటర్ అయిన జాంపియేరో పార్దీని కంపెనీ, జర్మనీలో వాల్టర్, ఇలా. మార్గం చుట్టు తిరిగి మొదటికి వచ్చిందని చెప్పాలి. కోల్ట్ ఫిట్టర్ బెంచీ చేసిన పనిని ఇవి మళ్ళీ ఫ్యాక్టరీలోనే చేసి పంపుతున్నాయి, దానికి తగ్గ వెలా తీసుకుంటున్నాయి. పైగా వదులు ఎంత, పాకుడు ఎంత, తెగాక జారుడు ఎంత అన్నది బయటి నుంచే మరలు తిప్పి సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. పుస్తకంలో ఏ మర దేనికో రాసి ఉంటుంది. కోచ్ పక్కన ఉండి తిప్పించాల్సిన పని అది. ఆకురాయికి అక్కడ పని లేదు.

కాబట్టి అన్నా, వరుసగా చెయ్యాల్సింది ఇది. ముందు క్లబ్బు వాళ్ళను పిస్టల్ శుభ్రం చేయించమనండి. .22 తూటా గుండుకు మైనమో గ్రీజో పూత ఉంటుంది, దాని మసి, కాలని మందు పొడి కొక్కెం దాకా చేరి గట్టిపడితే సరిగ్గా ఇసుకలాగే తగులుతుంది. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయని షూటింగ్ తెలిసినవాళ్ళు అంటారు. తీరకపోతే మర సర్దుబాటు. అదీ కుదరకపోతే లైసెన్సు ఉన్న ఆర్మరర్ దగ్గరికి క్లబ్బు ద్వారానే పంపాలి, కాగితం మీద రాయించుకుని. ఏ దశలోనూ పిస్టల్ మన సభ్యుల షెడ్డు గడప తొక్కకూడదు. ఎంత మంచి చెయ్యి అయినా సరే. 1937లో మోటారు చేసి చూపిన జి.డి. నాయుడు గారి ఊరివాళ్ళం మనం. చేతకాక వద్దంటున్నామని ఎవరూ అనుకోరు.

చేతికి దురద తీరాలంటే ఒక పని ఉంది. ఈ పిస్టళ్ళ పిడి అక్రోటు చెక్కది. కొన్నప్పుడు అది ఎవరి చేతికీ పూర్తిగా సరిపోదు. బొటనవేలి కింద కాస్త తీసి, అరచేతి గుంటలో చెక్క పుట్టీ పెట్టి, ఆరాక ఉప్పుకాగితం పట్టి, మళ్ళీ పట్టుకుని చూసి, మళ్ళీ తీసి, వారాల తరబడి సాగే పని. ప్రపంచ ఛాంపియన్ల పిడులు కూడా అతుకులతో, పెన్సిల్ గీతలతో ఉంటాయి. క్లబ్బు ఒప్పుకుని, కోచ్ విప్పి పిడి ఒక్కటి ఇస్తే, మన వడ్రంగి మేస్త్రీలలో ఎవరైనా ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యవచ్చు. కొలతలు మాత్రం మరిచిపోవద్దు. పిడితో సహా పిస్టల్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. చెక్క మణికట్టు మీదికి ఎక్కి ఆసరా ఇవ్వకూడదు. తనిఖీ బల్ల మీద ఆ పెట్టె కూడా ఉంటుంది.